రైఫిల్ స్కోప్: ముందు దూరం చెప్పండి, తర్వాత ధర మాట్లాడదాం

వైజాగ్‌లో రైఫిల్ స్కోప్ (గురి చూడ్డానికి తుపాకీ మీద బిగించే దుర్భిణి) గురించి అడిగేవాళ్లు దాదాపుగా రెండు రకాలు. ఒకరు కొత్తగా ఎయిర్ రైఫిల్ కొన్నవాళ్లు, లేదా పిల్లల్ని షూటింగ్ క్లాసులో చేర్చి ఆ ఊపులో ఉన్నవాళ్లు. రెండోవాళ్లు డాలస్‌లోనో హ్యూస్టన్‌లోనో ఉంటున్న మనవాళ్లు. అక్కడ ఆఫీసు స్నేహితులతో అడవిపందుల వేటకి వెళ్లడం మొదలుపెట్టి, రైఫిల్ కొనేసి, స్కోప్ దగ్గర ఆగిపోయి, "అన్నా, నీకు ఇవి తెలుసు కదా" అని వాట్సాప్‌లో ఫోన్ చేసేవాళ్లు. ఇద్దరి మొదటి ప్రశ్నా ఒకటే: ఎన్ని ఎక్స్ (అంటే ఎన్ని రెట్లు పెద్దగా చూపించేది) తీసుకోవాలి, ఎంతవుతుంది? నేను తిరిగి అడిగేదీ ఇద్దరినీ ఒకటే. ఎంత దూరం కొడతారు, దేన్ని కొడతారు, ఏ తుపాకీతో? ఈ మూడూ తేలకుండా ధర మాట్లాడితే, డబ్బు ఎక్కడ పెట్టాలో అక్కడ పెట్టరు, ఎక్కడ అక్కర్లేదో అక్కడ పెడతారు.

ముందు మన ఊళ్లో సంగతి. పిల్లాడు పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలకి తయారవుతుంటే అసలు స్కోప్ కొనకండి. ఒలింపిక్స్‌లో ఉండే రైఫిల్ ఈవెంట్లలో స్కోప్ వాడనివ్వరు. వెనకాల సన్నని రంధ్రం, ముందు రింగు, అంతే. దాన్నే పీప్ సైట్ అంటారు. 2008 బీజింగ్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం, 2012 లండన్‌లో గగన్ నారంగ్ కాంస్యం, 2024 పారిస్‌లో 50 మీటర్ల త్రీ పొజిషన్స్‌లో స్వప్నిల్ కుసాలే కాంస్యం, అన్నీ ఇలా రంధ్రంలోంచి చూసి కొట్టినవే. మన దేశంలో జరిగే పోటీల్లో కొత్తవాళ్లకి ఓపెన్ సైట్ విభాగం ఉంటుంది, తర్వాత పీప్ సైట్. రేంజిలో కోచ్ పక్కన స్టాండ్ మీద ఒక దుర్భిణి పెట్టుకుని చూస్తుంటారు కదా, అది పెల్లెట్ (ఎయిర్ గన్ గుండు) ఎక్కడ తగిలిందో చూసుకోడానికి, తుపాకీ మీద బిగించేది కాదు. అది చూసి వచ్చి ఆన్‌లైన్‌లో స్కోప్ ఆర్డర్ పెట్టిన తల్లిదండ్రులు నాకు తెలుసు. ఆ డబ్బు మంచి పెల్లెట్ల మీదా, షూటింగ్ జాకెట్ మీదా పెట్టుంటే స్కోరు పెరిగేది.

మరి స్కోప్ ఎక్కడ పనికొస్తుంది? తుపాకీని బల్ల మీద ఆనించి కొట్టే బెంచ్‌రెస్ట్‌లో, ఎయిర్ రైఫిళ్లతో ఆడే ఫీల్డ్ టార్గెట్‌లో, ఎఫ్-క్లాస్ లాంటి దూరపు పోటీల్లో, అమెరికాలో ఇప్పుడు బాగా నడుస్తున్న ప్రెసిషన్ రైఫిల్ సిరీస్‌లో, పాయింట్ టూటూ (.22 క్యాలిబర్) రైఫిళ్లతో ఆడే ఎన్ఆర్ఎల్22 పోటీల్లో. ఇక మన దగ్గర ఇంటి దగ్గరో కొబ్బరితోటలోనో సొంత సరదాకి కాగితం మీద, డబ్బాల మీద కొట్టుకునేవాళ్లకి. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం 0.177 క్యాలిబర్ (గొట్టం లోపలి వ్యాసం, అంగుళాల్లో) దాటకుండా, మూతి దగ్గర శక్తి 20 జౌళ్లు దాటకుండా ఉండే ఎయిర్ గన్‌కి లైసెన్స్ అక్కర్లేదు. ఈ వ్యాసంలో ఇక్కడి సంగతులన్నీ ఆ తరగతి తుపాకీ గురించే.

ఇక వేట. సరదా వేట మన దేశంలో కుదరదు, ఇందులో "అయితే గియితే" ఏమీ లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటని నిషేధించింది, గాయపరచడమూ, ప్రయత్నించడమూ కూడా ఆ చట్టం లెక్కలో వేటే. మొదటి షెడ్యూల్‌లో ఉన్న జంతువైతే మూడు నుంచి ఏడేళ్ల దాకా జైలు. "ఎయిర్ గన్నే కదా, పిట్టే కదా" అనుకునేవాళ్లకి కూడా అదే చట్టం. ఏజెన్సీలో చైత్రమాసం ఇటుకల పండగప్పుడు వేటకి వెళ్లే ఆచారం తరతరాలుగా ఉంది, కానీ 2006 అటవీ హక్కుల చట్టం సైతం వేట హక్కుని ఇవ్వకుండా పక్కన పెట్టింది. ఊరికి ఆనుకునే కంబాలకొండ అభయారణ్యం ఉంది, అందులో చిరుతలున్నాయి. స్కోప్ బిగించిన తుపాకీతో ఆ చుట్టుపక్కల కనిపిస్తే మీ సంజాయిషీ వినే ఓపిక ఎవరికీ ఉండదు. అరుణాచల్ ప్రదేశ్‌లో 2021 నుంచి జనం చేత ఎయిర్ గన్లు స్వచ్ఛందంగా అప్పగించే ఉద్యమమే నడిపారు, కారణం పక్షులు ఖాళీ అయిపోవడమే. కాబట్టి కింద వేట అన్నచోటల్లా అది అమెరికాలో, అక్కడి చట్టం ఒప్పుకున్నచోట, అని చదువుకోండి. అక్కడ ఉన్నవాళ్లకీ ఒక మాట: హెచ్-1బీ లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం, చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉండటం లాంటి కొన్ని మినహాయింపులు తప్ప. టెక్సాస్‌లో ప్రైవేటు భూమిలో, యజమాని అనుమతితో అడవిపందుల్ని కొట్టడానికి 2019 నుంచి హంటింగ్ లైసెన్సే అక్కర్లేదు, కరెక్టే, కానీ ఆ సడలింపు చూసుకుని వీసా మీద ఉన్నవాడు లైసెన్స్ తీసుకోకపోతే అసలుకే మోసం వస్తుంది. ముందు లాయర్‌తో మాట్లాడుకుని, తర్వాత స్కోప్ సంగతి చూడండి.

సరే, అసలు విషయానికొద్దాం. డబ్బా మీద 3-9×40 అని ఉంటుంది. అంటే మూడు రెట్ల నుంచి తొమ్మిది రెట్ల దాకా పెద్దది చేసి చూపిస్తుంది, ముందు అద్దం వ్యాసం 40 మిల్లీమీటర్లు. అందరి కళ్లూ ఆ తొమ్మిది మీదే ఉంటాయి, దాని పక్కన 24 అని రాసున్నది కనిపిస్తే అటు వెళ్లిపోతాయి. నా లెక్కలో చవక స్కోప్‌లో అన్నిటికంటే తక్కువ పట్టించుకోవాల్సిన అంకె అదే. అన్నిటికంటే ఎక్కువ పట్టించుకోవాల్సింది డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది, లేదా అసలు ఉండనే ఉండదు: పారలాక్స్ ఎంత దూరానికి సెట్ చేశారు?

పారలాక్స్ అంటే ఇది. తుపాకీ కదలకుండా స్టాండ్‌లో బిగించి ఉంది అనుకోండి, మీరు స్కోప్ వెనకాల తల కొంచెం అటూ ఇటూ జరిపితే క్రాస్‌హెయిర్ (స్కోప్ లోపల గురికి కనిపించే అడ్డం నిలువు గీతలు) టార్గెట్ మీద జారుతున్నట్టు కనిపిస్తుంది. తుపాకీ కదల్లేదు, గురి మాత్రం కదిలింది. టార్గెట్ బొమ్మ, క్రాస్‌హెయిర్, రెండూ స్కోప్ లోపల ఒకే తలంలో పడితే ఈ జారుడు ఉండదు. స్కోప్‌ని ఏ దూరానికి సెట్ చేశారో ఆ దూరంలోనే అవి కచ్చితంగా ఒకే తలంలో పడతాయి. పెద్ద రైఫిళ్ల కోసం చేసిన మామూలు హంటింగ్ స్కోప్‌లని ఫ్యాక్టరీలో సాధారణంగా 100 గజాలకి సెట్ చేసి వదిలేస్తారు, పాయింట్ టూటూ కోసం చేసినవాటిని 50 గజాలకి. మీరు కొట్టేది పది మీటర్లు.

లెక్క వేసి చూడండి, కష్టమేమీ కాదు. గరిష్ఠంగా ఎంత తేడా రావచ్చంటే, ముందు అద్దం వ్యాసంలో సగం తీసుకుని, సెట్ చేసిన దూరానికీ మీ దూరానికీ ఉన్న తేడాతో గుణించి, సెట్ చేసిన దూరంతో భాగించాలి. 40 మిల్లీమీటర్ల అద్దం, 100 మీటర్లకి సెట్ చేసింది, మీరు కొట్టేది 10 మీటర్లకి: 20ని 90తో గుణించి 100తో భాగిస్తే 18 మిల్లీమీటర్లు. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ టార్గెట్ మీద నల్లటి గుండ్రం మొత్తం వ్యాసమే 30.5 మిల్లీమీటర్లు. అంటే కన్ను పూర్తిగా అంచుకి జరిగిందంటే, క్రాస్‌హెయిర్ సరిగ్గా నడిమధ్యన ఉన్నట్టు కనిపిస్తూనే పెల్లెట్ నలుపు బయట పడొచ్చు. బ్యారెల్ తప్పు లేదు, పెల్లెట్ తప్పు లేదు, చెయ్యి వణకలేదు. "ఈ గన్ను గ్రూపు పెట్టట్లేదండీ", అంటే గుండ్లన్నీ ఒకచోట పడట్లేదు, అని వచ్చే కంప్లైంట్లలో చాలావాటి వెనక ఉన్నది ఇదే. పైగా ఆ దూరంలో బొమ్మ కూడా మసకగా ఉంటుంది, కళ్లజోడు మార్చాలేమో అనుకుంటారు.

దీనికి మందు రెండు రకాలు. ముందు అద్దం చుట్టూ తిప్పే రింగు ఉంటే దాన్ని ఏఓ అంటారు, అడ్జస్టబుల్ ఆబ్జెక్టివ్. గురి సర్దే రెండు గుండీలు కాక పక్కన మూడోది ఉంటే సైడ్ ఫోకస్. చవకలో ఏఓ బాగానే ఉంటుంది, తిప్పడానికి చెయ్యి ముందుకి చాచాలి, అంతే. కొనేముందు చూడాల్సింది ఆ రింగు మీద కనిష్ఠ దూరం ఎంత అని. 10 గజాలు అని ఉంటే ఎయిర్ గన్‌కి సరిపోతుంది. 50 నుంచి మొదలైతే ఎన్ని ఎక్స్ ఉన్నా, ఎంత పేరున్న కంపెనీ అయినా మీకు వద్దు. ఇందులో ఒక చిత్రం ఏమిటంటే ఫీల్డ్ టార్గెట్ ఆటలో ఈ పారలాక్స్ గుండీనే దూరం కొలవడానికి వాడతారు: టార్గెట్లు 10 నుంచి 55 గజాల మధ్య ఎక్కడ ఉన్నాయో చెప్పరు, సైడ్ ఫోకస్‌కి పెద్ద చక్రం తగిలించి, బొమ్మ స్పష్టమయ్యేదాకా తిప్పి, చక్రం మీద సొంతంగా రాసుకున్న అంకె చదువుకుంటారు. అక్కడ మాత్రం ఎక్కువ ఎక్స్‌కి నిజంగా అర్థం ఉంది, ఎందుకంటే ఎంత పెద్దగా కనిపిస్తే ఫోకస్ అంత కచ్చితంగా తెలుస్తుంది.

అమెరికాలో వేటగాడికి ఈ గొడవ దాదాపు లేదు. వంద గజాలకి సెట్ చేసిన స్కోప్‌తో రెండు వందల గజాల్లో జింకని కొడితే అదే లెక్క ప్రకారం తేడా గరిష్ఠంగా 20 మిల్లీమీటర్లు, జింకకి అది లెక్కలోకి రాదు. అందుకే అతనికి పారలాక్స్ గుండీ లేని మామూలు 3-9×40 చాలు, ఆ గుండీకి డబ్బులు పెట్టడం దండగ కూడా. చూశారా, వస్తువు ఒకటే, ఒకరికి పనికిమాలింది ఇంకొకరికి చవగ్గా దొరికిన మంచిది.

రెండో సంగతి తుపాకీ. మన దగ్గర తక్కువ ధరలో దొరికే ఎయిర్ రైఫిళ్లు ఎక్కువగా బ్యారెల్ మడిచే స్ప్రింగ్ రకం. "దీనికి రీకాయిల్ ఏముంటుంది, పెద్ద తుపాకీల మీద పనిచేసే స్కోప్ దీనిమీద పనిచేయదా" అంటారు. పనిచేయకపోవచ్చు. మందుగుండు తుపాకీ వెనక్కి తంతుంది, స్కోప్‌లు ఆ తన్నుని తట్టుకునేలా చేస్తారు. స్ప్రింగ్ గన్‌లో పిస్టన్ ముందుకి దూకేటప్పుడు తుపాకీ వెనక్కి వస్తుంది, పిస్టన్ చివర కొట్టుకుని ఆగేటప్పుడు తుపాకీ ముందుకి జర్కు ఇస్తుంది. ఈ రెండో దెబ్బ తిరుగుదిక్కులో వస్తుంది. దానికి సిద్ధంగా లేని స్కోప్‌లో లోపలి అద్దాలు వదులవుతాయి, క్రాస్‌హెయిర్ తిరిగిపోతుంది, ఒక్కోసారి తెగిపోతుంది. కాబట్టి స్ప్రింగ్ గన్‌కైతే కంపెనీ "ఎయిర్ గన్ రేటెడ్" అని రాతపూర్వకంగా చెప్పిన స్కోప్ మాత్రమే. హాక్ కంపెనీ వాంటేజ్, ఎయిర్‌మాక్స్ రకాలు ఈ పని దృష్టిలో పెట్టుకుని చేసినవి, మంచి పేరుంది. గాలి ముందే నింపుకునే పీసీపీ అయితే తన్ను దాదాపు ఉండదు, ఏ స్కోప్ అయినా బతికేస్తుంది.

ఈ రెండువైపుల కుదుపు వల్ల ఇంకో తంటా, స్కోప్ మొత్తం తుపాకీ పైన ఉండే గాడి (రైలు) మీద మెల్లగా వెనక్కి పాకుతుంది. ఎయిర్ గన్ మీద ఎక్కువగా ఉండేది 11 మిల్లీమీటర్ల డవ్‌టెయిల్ గాడి, దానికి తగిన మౌంటే (స్కోప్‌ని పట్టి ఉంచే బిగింపు) కొనాలి, వేరే రకం గాడికి చేసిన వీవర్ లేదా పికటిన్నీ మౌంట్ దాని మీద కూర్చోదు. మౌంట్ అడుగున ఒక చిన్న పిన్ను ఉండి, రిసీవర్ (బ్యారెల్ వెనక ఉండే తుపాకీ ఒళ్లు) మీద ఉన్న రంధ్రంలో దిగితే పాకడం ఆగిపోతుంది. రెండు విడి రింగుల కంటే ఒకే ముక్కగా ఉన్న మౌంట్ మేలు. రింగుల పైమూతల స్క్రూలు మామూలుగా 15 నుంచి 18 ఇంచ్-పౌండ్లు బిగిస్తే చాలు. ఎల్-కీతో చేతి బలమంతా పెట్టేవాళ్లు గొట్టాన్నే నొక్కేస్తారు, అప్పుడు జూమ్ రింగు బిగుసుకుపోతుంది, తప్పు కంపెనీ మీదకి పోతుంది.

బ్యారెల్ మడిచే తుపాకీల్లో ఇంకోటుంది, చాలామందికి తట్టదు. మడత దగ్గర బ్యారెల్ కాస్త కిందకి వాలి ఉంటుంది. దానికి తోడు స్కోప్ బ్యారెల్ కంటే ఓ ఐదు సెంటీమీటర్లు పైన ఉంటుంది, పది మీటర్లలో ఆ రెండూ కలవాలంటేనే ఐదు మిల్స్ (ఈ కొలతల సంగతి కింద చెప్తాను) సర్దుబాటు ఖర్చయిపోతుంది. చవక స్కోప్‌లో పైకి కిందకి కలిపి 60 ఎంఓఏ, అంటే 17 మిల్స్ దాకా ఉంటుంది, మధ్య నుంచి లెక్కేస్తే ఒకవైపుకి ఎనిమిదిన్నర. వాలు ఎక్కువున్న బ్యారెల్ అయితే టరెట్ (గురి సర్దే గుండీ) చివరిదాకా తిప్పేసినా పెల్లెట్ కిందే పడుతుంది. చివరిదాకా తిప్పిన టరెట్ లోపలి స్ప్రింగ్ కూడా పట్టు తప్పుతుంది, అందుకని జీరో (గురి పెట్టినచోటే గుండు పడేలా చేసిన సర్దుబాటు) నిలవదు. వెనకవైపు కాస్త ఎత్తు ఉండే డ్రూప్ మౌంట్ వేసుకుంటే పోతుంది. స్కోప్‌ని తిట్టేముందు ఇది చూసుకోండి.

మిల్, ఎంఓఏ అన్నాను కదా, రెండూ కోణాలే. ఒక మిల్ అంటే దూరంలో వెయ్యో వంతు, 0.1 మిల్ క్లిక్, అంటే టరెట్ ఒక మెట్టు, 100 మీటర్లలో ఒక సెంటీమీటరు జరుపుతుంది, పది మీటర్లలో ఒక మిల్లీమీటరు. ఒక ఎంఓఏ అంటే 100 మీటర్లలో 29 మిల్లీమీటర్లు, దాంట్లో పావువంతు క్లిక్ ఏడు మిల్లీమీటర్లు చిల్లర. ఏది మంచిదని గంటలు గంటలు వాదించుకుంటారు. మీటర్లలో కొట్టే మనకి మిల్ లెక్క నోటికే వచ్చేస్తుంది, అంతకుమించి తేడా లేదు. క్రాస్‌హెయిర్ మీద గీతలు ఒక పద్ధతిలో, టరెట్ క్లిక్కులు ఇంకో పద్ధతిలో ఉన్న స్కోప్ మాత్రం వద్దు, అలాంటివి చవకలో ఇంకా వస్తున్నాయి.

క్లిక్కులు చెప్పినంత జరుగుతాయా అన్నది పోటీలవాళ్లకి ప్రాణం. ప్రెసిషన్ రైఫిల్ పోటీల్లో ఒక టార్గెట్ 300 గజాల్లో, తర్వాతది 700లో, మళ్లీ వెనక్కి. టైమర్ నడుస్తుంటే టరెట్ తిప్పుతూ పోవాలి. ఎన్ఆర్ఎల్22లో దూరం 100 గజాలే అయినా పాయింట్ టూటూ తూటా 50 గజాలకి జీరో చేస్తే 100 గజాల దగ్గర ఆరేడు అంగుళాలు దిగిపోతుంది, అక్కడా తిప్పకుండా కుదరదు. చవక స్కోప్ గ్లాసు బాగున్నా ఇక్కడ దొరికిపోతుంది. దీన్ని ఒక్క పెల్లెట్ కూడా కాల్చకుండా ఇంట్లోనే పరీక్షించొచ్చు. ఖాళీ తుపాకీని, ఖాళీ అని రెండుసార్లు చూసుకుని, కదలకుండా బిగించండి. సరిగ్గా పది మీటర్ల దూరంలో గోడకి స్టీలు స్కేలు నిలువుగా అంటించండి. పారలాక్స్ ఆ దూరానికి పెట్టి, క్రాస్‌హెయిర్ ఒక గీత మీదకి తెచ్చి, టరెట్ పది మిల్స్ తిప్పండి. క్రాస్‌హెయిర్ స్కేలు మీద 100 మిల్లీమీటర్లు జరగాలి. 97 దగ్గర ఆగితే మూడు శాతం తప్పు, అది తెలిస్తే లెక్కలో సర్దుకోవచ్చు. వెనక్కి తిప్పితే మొదలుపెట్టిన గీత మీదకే రావాలి, ఇది ఇంకా ముఖ్యం. రాకపోతే ఆ స్కోప్‌ని ఏ లెక్కా బాగుచేయలేదు, వాపసు ఇచ్చేయండి. తిప్పుతున్నప్పుడు క్రాస్‌హెయిర్ స్కేలు అంచు వెంట నిటారుగా నడుస్తుందో లేదో కూడా చూడండి. స్కోప్ ఒక డిగ్రీ వంకరగా బిగిస్తే పది మిల్స్ తిప్పినప్పుడు 0.17 మిల్ పక్కకి పోతుంది, పది మీటర్లలో అది రెండు మిల్లీమీటర్లు కూడా కాదు, 600 మీటర్లలో పది సెంటీమీటర్లు అవుతుంది.

ఈ పరీక్ష గదిలోనో వరండాలోనో చేసుకోండి. డాబా మీద తుపాకీ పెట్టి చుట్టూ చూడటం మన ఊళ్లో అస్సలు వద్దు. నేవీ ఉన్న ఊరు ఇది, పక్కింటివాళ్లు వందకి ఫోన్ చేస్తే వాళ్ల తప్పేమీ లేదు. గ్లాసు ఎలా ఉందో చూడాలంటే స్కోప్‌ని తుపాకీ మీంచి తీసి చేత్తో పట్టుకుని చూస్తే సరిపోతుంది.

వేటగాడికి టరెట్ తిప్పే పని దాదాపు ఉండదు. పాయింట్ 308 లాంటి రైఫిల్‌ని 100 గజాల్లో రెండు అంగుళాలు పైకి కొట్టేలా జీరో చేస్తే 200 గజాల దాకా పెద్దగా ఆలోచించకుండా నేరుగా పట్టుకోవచ్చు, అక్కడ జింకలు ఎక్కువగా పడేది ఆ దూరం లోపే. అతనికి కావాల్సింది వెలుతురు. టెక్సాస్‌లో జింకల వేటకి సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకా అనుమతి, జంతువులు ఎక్కువగా బయటికొచ్చేది ఆ మసక వెలుతుర్లోనే. ముందు అద్దం వ్యాసాన్ని ఎక్స్‌తో భాగిస్తే కంటికి వచ్చే వెలుగు కట్ట వ్యాసం వస్తుంది: 3-9×40ని తొమ్మిది మీద పెడితే 4.4 మిల్లీమీటర్లు, ఆరు మీద పెడితే 6.7. చీకట్లో కుర్రవాళ్ల కంటిపాప ఏడు మిల్లీమీటర్ల దాకా విచ్చుకుంటుంది, యాభై దాటినవాళ్లకి ఐదు దగ్గర. అదే 6-24×50ని 24 మీద పెడితే 2.1 మిల్లీమీటర్లే వస్తుంది, సందె వేళ దాంట్లోంచి చూస్తే బురదనీళ్లలోంచి చూసినట్టుంటుంది. అందుకే వేటకి ఎక్కువ ఎక్స్ కొన్నవాడు చివరికి దాన్ని ఆరు మీదే పెట్టుకు తిరుగుతాడు, బరువు మాత్రం మొత్తం మోస్తాడు.

గొట్టం లావు 30 మిల్లీమీటర్లయితే వెలుగు ఎక్కువ వస్తుందని షాపువాళ్లు చెప్తారు, నమ్మకండి. లావు గొట్టం వల్ల ప్రధానంగా వచ్చేది టరెట్ సర్దుబాటుకి ఎక్కువ చోటు. వెలుగు తేల్చేది అద్దాల మీద పూత. పూత లేని ప్రతి గాజు ఉపరితలం దాదాపు నాలుగు శాతం వెలుగుని వెనక్కి కొట్టేస్తుంది; స్కోప్‌లో అలాంటి ఉపరితలాలు పది ఉన్నాయనుకుంటే మూడో వంతు వెలుగు దారిలోనే పోయింది. మంచి పూతతో ఆ నష్టం ఒక్కో ఉపరితలానికి అర శాతం లోపుకి దిగుతుంది. "కోటెడ్" అని ఉంటే ఏదో ఒక అద్దానికి ఒక పొర వేశారని, "ఫుల్లీ మల్టీ కోటెడ్" అని ఉంటే గాలి తగిలే ప్రతి ఉపరితలానికీ పలు పొరలు వేశారని. ఆ చివరి మాట లేకపోతే వేటకి తీసుకోవద్దు. పట్టపగలు పది మీటర్ల కాగితం మీద కొట్టేవాడికి ఇది కూడా అంత పట్టింపు కాదు.

ఎఫ్ఎఫ్‌పీ (ఫస్ట్ ఫోకల్ ప్లేన్), ఎస్ఎఫ్‌పీ (సెకండ్ ఫోకల్ ప్లేన్) అని ఇంకో జంట ఉంది, త్వరగా చెప్పేస్తాను. మొదటిదాంట్లో జూమ్‌తో పాటు క్రాస్‌హెయిర్ కూడా పెరుగుతుంది, కాబట్టి గీతల కొలత ఏ ఎక్స్ మీదైనా నిజం. రెండోదాంట్లో క్రాస్‌హెయిర్ ఎప్పుడూ ఒకే సైజు, గీతల కొలత ఒక్క ఎక్స్ మీదే నిజం, చాలావాటిలో అది గరిష్ఠం. దూరాలు మారే పోటీకి మొదటిది. వేటకి, బెంచ్‌రెస్ట్‌కి రెండోది. తక్కువ ఎక్స్ మీద మొదటిదాని గీతలు దారప్పోగులా సన్నబడిపోయి మసక వెలుతుర్లో కనిపించవు. పైగా అదే ధరలో ఎస్ఎఫ్‌పీ తీసుకుంటే గ్లాసు మెరుగ్గా వస్తుంది. వేటగాళ్లు ఇంకోటి చూసుకోవాలి, కంటికీ స్కోప్‌కీ మధ్య ఎడం. మూడున్నర అంగుళాలైనా ఉండాలి, లేకపోతే పెద్ద రైఫిల్ తన్నుకి స్కోప్ అంచు కనుబొమ్మ మీద నెలవంక గీస్తుంది.

మన సముద్రం సంగతి వేరే చెప్పాలి. ఉప్పుగాలి, ఉక్కపోత, రెండూ స్కోప్‌కి పగవాళ్లే. లోపల గాలి తీసేసి నైట్రోజన్ గానీ ఆర్గాన్ గానీ నింపి సీల్ చేసినదే కొనండి. ఏసీ గదిలోంచి బయటికి తెచ్చిన వెంటనే పై అద్దం మీద ఆవిరి పడుతుంది, అది లోపం కాదు, కాసేపట్లో పోతుంది, చొక్కాతో తుడవకండి. ఆవిరి లోపలివైపు పడిందంటే సీల్ పోయినట్టే. వానాకాలంలో కప్‌బోర్డులో మూతపెట్టి నెలల తరబడి వదిలేస్తే అద్దం మీద సాలెగూడులా ఫంగస్ పాకుతుంది, కెమెరా లెన్సులున్నవాళ్లకి తెలుసు ఆ బాధ. అది పూతని తినేశాక తుడిచినా పోదు. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్ సంచులు, ఇది వేలు పోసి కొన్న వస్తువుకి పదుల రూపాయల కాపలా. మౌంట్ స్క్రూలకి సన్నగా నూనె రాయండి, బీచ్‌కి దగ్గరగా ఉన్న ఇళ్లలో ఒక్క వర్షాకాలం చాలు అవి తుప్పు పట్టి బిగుసుకుపోడానికి.

పేర్లు చెప్పమంటారు కదా. అమెరికాలో వేటకి వోర్టెక్స్ క్రాస్‌ఫైర్ 2, ల్యూపోల్డ్ విఎక్స్-ఫ్రీడమ్, బరిస్ ఫుల్‌ఫీల్డ్, ఈ వరసలో ఏ 3-9×40 తీసుకున్నా తక్కువ ధరకి న్యాయం చేస్తుంది. నాకు ఓటిస్తే ల్యూపోల్డ్‌కిస్తాను, తేలిక. పోటీలకి వోర్టెక్స్ డైమండ్‌బ్యాక్ టాక్టికల్ 6-24×50, ఆథ్లాన్ ఆర్గోస్ బీటీఆర్, ఆర్కెన్ ఈపీ5. మూడోది టరెట్లలో ధరకి మించి పనిచేస్తుంది కానీ కిలో పైనే బరువు, భుజానికి తగిలించుకుని కొండలు ఎక్కేవాడికి శిక్ష. ఎస్‌డబ్ల్యూఎఫ్ఏ వాళ్ల 10×42, జూమ్ లేనిది, చూడ్డానికి పాతకాలపు వస్తువులా ఉంటుంది, క్లిక్కుల కచ్చితత్వంలో మాత్రం దాని పేరు చాలా కాలంగా నిలబడింది. జూమ్ లేకపోతే లోపల కదిలే ముక్కలు తక్కువ, చెడేవీ తక్కువ. చవకలో ఇది చాలామంది పట్టించుకోని దారి. నైకాన్ రైఫిల్ స్కోప్‌ల నుంచి తప్పుకుంది, పాతవి సెకండ్ హ్యాండ్‌లో బాగుంటాయి, రిపేరు సంగతి ఆలోచించుకుని తీసుకోండి.

ఇక్కడ కొనేవాళ్లకి నా సలహా: 4×32 స్థిర ఎక్స్ గానీ 3-9×40 ఏఓ గానీ, 10 గజాల దాకా ఫోకస్ వచ్చేది, స్ప్రింగ్ గన్ తట్టుకుంటుందని రాసున్నది, మంచి ఒకే ముక్క మౌంట్‌తో. బిల్లు తీసుకోండి. పెద్ద కంపెనీ పేరుతో నమ్మలేనంత తక్కువకి ఆన్‌లైన్‌లో కనిపించేవి చాలావరకు నకిలీలు. ల్యూపోల్డ్ లాంటి కంపెనీలే తమ పేరు మీద నకిలీలు తిరుగుతున్నాయని ఎప్పట్నుంచో హెచ్చరిస్తున్నాయి. సీరియల్ నంబరు ముందే అడిగి కంపెనీకి రాసి కనుక్కోవచ్చు.

"మా బావ సంక్రాంతికి వస్తున్నాడు, సూట్‌కేసులో తెప్పించుకుంటా" అనేవాళ్లు ప్రతి ఏడూ ఉంటారు. రైఫిల్ స్కోప్ అమెరికా ఎగుమతి నియంత్రణ జాబితాలో ఉన్న వస్తువు, చాలా దేశాలకి ప్రభుత్వ లైసెన్స్ లేకుండా తీసుకెళ్లడం అక్కడి చట్టం ప్రకారం నేరం, కొన్నది సూపర్ మార్కెట్లోనే అయినా సరే. ఇటు దిగాక మన కస్టమ్స్ వేరే. గ్రీన్ కార్డు కోసం ఎదురుచూస్తున్న మనిషి చేత ఆ పని చేయించకండి, చాక్లెట్లు తెమ్మనండి.